గవర్నరు గారి దవడ పన్ను

పెద్ద బ్యాంకు గవర్నరు పుండరీకాక్షం గారికి పన్ను నొప్పెడుతున్న సంగతి ఆయన భార్య కంటే ముందు షేర్ బజారుకి తెలిసింది.

ఇందులో వింతేమీ లేదు. ఆయన సంగతులన్నీ అంతే. జీతాలు పడే బ్యాంకులూ, అప్పులిచ్చే బ్యాంకులూ, ఊరూరా బోర్డులు కట్టుకున్న బ్యాంకులూ అన్నీ పిల్ల బ్యాంకులు. వాటన్నిటికీ పైన, సాగరపట్నంలో సముద్రానికెదురుగా ఉన్న పెద్ద మేడలో ఉండేది పెద్ద బ్యాంకు. అందులో డబ్బు దాచుకోవడానికి ఎవరూ వెళ్ళరు. దేశంలో వడ్డీ ఎంత ఉండాలో, ధరలు ఏ మేరకు పెరిగితే మర్యాదగా ఉంటుందో అక్కడ నిర్ణయిస్తారు. ఆ మేడకి పెద్ద గవర్నరు. ఆయన నోట ఒక మాట జారితే కోట్లు అటువి ఇటవుతాయి. అందుకని గవర్నర్లయినవాళ్ళు ముందుగా ఏమీ చెప్పకుండా మాట్లాడటం నేర్చుకుంటారు. పుండరీకాక్షం గారు ఆ విద్యలో ఆరితేరినవారు. బయట వాన పడుతోందా అని అడిగితే, తేమకు సంబంధించిన పరిణామాలను నిశితంగా గమనిస్తున్నాం అనగలరు.

ఆ రోజు పొద్దున ఆయన ఒక పప్పుచెక్క కొరికారు. ఎడమవైపు కింది దవడలో చివరి నుంచి రెండో పన్ను చురుక్కుమంది. పట్టించుకోలేదు. తర్వాత విలేకరుల ముందు కూర్చుని, వడ్డీ రేట్లు యథాతథం అన్నారు. కూరగాయల ధరలు మండుతున్నాయి కదా అని ఒకమ్మాయి అడిగితే, తిండీ ఇంధనమూ మినహాయించి చూస్తే ధరల పెరుగుదల నాలుగు శాతమేననీ, తమ లక్ష్యం కూడా సరిగ్గా నాలుగేననీ సెలవిచ్చి, గుక్కెడు చల్లటి నీళ్ళు తాగారు. ప్రాణం జివ్వుమంది. ఎడమ చెయ్యి దానంతటదే ఎడమ బుగ్గ మీదికి పోయింది.

గ్లాసు బల్లమీద పెట్టేలోగా బ్యాంకు షేర్లు పడ్డాయి. ఒక టీవీలో నిపుణుడొకాయన, ఎడమ చెయ్యి ఎడమ బుగ్గ మీద పెట్టడమంటే వడ్డీలు పెంచే ఆలోచన అన్నాడు. ఇంకో టీవీలో ఇంకో నిపుణుడు, అరచెయ్యి తెరిచి ఉంది కాబట్టి తగ్గించే ఆలోచన అన్నాడు. మూడో టీవీలో ఇద్దరినీ పిలిచి కొట్లాడించారు. సాయంత్రానికి గవర్నరు గారికి పంటి నొప్పి అని తేలి అందరూ ఊపిరి పీల్చుకోబోయి, అంతలోనే ఆగిపోయారు. మరి ఆ పన్ను పీకిస్తారా, ఉంచుతారా?

మంగతాయారమ్మ గారికి ఈ సంగతి టీవీలోనే తెలిసింది. మొగుడు గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే, సందు చివర మస్తాన్ వలీ గారి ఆస్పత్రి ఉందిగదా, వెళ్ళి పీకించుకు రండి, అరగంట పని అన్నారు. పుండరీకాక్షం గారు కుర్చీలో కూలబడి, అది అంత తేలిగ్గా అయ్యే పని కాదని చెప్పారు.

దానికి కారణం సంకేత నియమావళి. ఆయనకంటే ముందున్న గవర్నరు ఒక పెళ్ళి విందులో రెండోసారి పెరుగు వేయించుకుంటే, దేశంలో డబ్బు చలామణీ పెంచబోతున్నారని పుకారు పుట్టి బంగారం ధర ఎగిరింది. అప్పుడు ఉప గవర్నరుగా ఉన్న పుండరీకాక్షం గారే రాత్రింబగళ్ళు కూర్చుని ఆ నియమావళి రాశారు. అందులో మొదటి నియమం ఇలా ఉంటుంది: గవర్నరు దేహం సంస్థ ఆస్తి. ఆ దేహమందు సంభవించు ఏ మార్పైననూ ముందుగా సూచింపబడి, విధాన సంఘము ఆమోదము పొంది, క్రమక్రమముగా మాత్రమే అమలు జరుగవలెను. అది రాసినందుకు ఆయనకి శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలో ఉంది.

"ఇంతకీ పన్ను ఎవరిదండీ?" అన్నారు మంగతాయారమ్మ గారు.

"ప్రస్తుతానికి ఆ విషయంలో స్పష్టత ఇవ్వడం కష్టం" అన్నారాయన, బుగ్గ పట్టుకుని.

విధాన సంఘం మర్నాడే కూర్చుంది. అందులో ఆరుగురు సభ్యులు. ఆ ఆరుగురూ ముగ్గురూ ముగ్గురుగా చీలితే తప్ప గవర్నరు ఓటు వెయ్యరు. సంఘంలో పెద్ద నోరు ఉప గవర్నరు సదానందం గారిది. పెద్ద నోరే కాదు, చక్కటి నోరు కూడా. ముప్పై రెండు పళ్ళూ ముత్యాల్లా ఉంటాయి. ఆయన నవ్వితే ఎదుటివాళ్ళు తమ నోళ్ళు మూసుకుంటారు. సంఘానికి మెదడు మాత్రం పరిశోధన విభాగం అధిపతి డాక్టర్ విశాలాక్షి గారు. అంకెల్లో లేనిది లోకంలో లేదని ఆవిడ నమ్మకం. ఈ నమ్మకం ఆవిడకి నేర్పింది పుండరీకాక్షం గారే. ఆవిడ ఒకప్పుడు ఆయన శిష్యురాలు.

నొప్పి ఎలా ఉందని ఎవరో మర్యాదకి అడగబోతే విశాలాక్షి గారు వారించారు. అలా అడిగితే ఆయన ఏదో ఒకటి చెబుతారు, అది గణాంకం కాదు అన్నారు. కాబట్టి నొప్పికి ఒక సూచీ తయారుచెయ్యాలి. సున్నా నుంచి పది దాకా. దానికి ఒక లక్ష్యం ఉండాలి. ఎంత పెడదామంటే ఆరుగురూ ఒక్క గొంతుతో నాలుగన్నారు. అటు రెండు, ఇటు రెండు సహించవచ్చు. పూర్తిగా నొప్పి లేకపోవడం కూడా ప్రమాదమేనని, నొప్పి లేని మనిషిలో చురుకుదనం చచ్చిపోతుందని సదానందం గారు హెచ్చరించారు.

ఇద్దరు ఆఫీసర్లు రోజూ వచ్చి గవర్నరు గారిని అడిగి రాసుకున్నారు. పరగడుపున రెండు. కాఫీ తాగినప్పుడు తొమ్మిది. అన్నం తిన్నప్పుడు ఎనిమిది. మంచినీళ్ళకి ఎనిమిదిన్నర. ఊరికే కిటికీలోంచి సముద్రం చూస్తున్నప్పుడు మూడు.

తర్వాతి సమావేశంలో విశాలాక్షి గారు లేచి గొంతు సవరించుకున్నారు.

"సభ్యులు గమనించవలసిందేమిటంటే, ఈ హెచ్చుతగ్గులన్నీ తిండి వల్లా, పానీయాల వల్లా వస్తున్నవి. అవి స్వభావరీత్యా అస్థిరమైనవి. వాటిని మినహాయించి మౌలిక నొప్పిని లెక్కగట్టాం. మూడు దగ్గర నిలకడగా ఉంది. లక్ష్యానికి లోబడే ఉంది."

బల్ల చుట్టూ తలలు ఊగాయి. పుండరీకాక్షం గారి తల కూడా ఊగింది, కుడివైపుకి మాత్రమే. ఆ పద్ధతి ఆయనకి కొత్త కాదు. దానిమీదే ఆయనకి డాక్టరేటు వచ్చింది. లెక్కలో తప్పు వెతుకుదామని చూశారు. తప్పు లేదు. కాఫీ వచ్చింది. తాగలేదు.

ఆ సాయంత్రం పెద్ద బ్యాంకు ఒక ప్రకటన విడుదల చేసింది. దవడ పన్ను యథాతథం. వైఖరి తటస్థం. రాబోయే గణాంకాలను బట్టి తదుపరి నిర్ణయం. బజారు కుదుటపడింది.

ఇంట్లో మంగతాయారమ్మ గారు ముద్దపప్పు వడ్డించి, ఆవకాయ వెయ్యబోయి ఆయన మొహం చూసి ఆగిపోయారు. మజ్జిగ పోసి అన్నం గుజ్జుగా పిసికిపెట్టారు. ఆయన కుడివైపున మింగుతూ, మౌలికంగా తనకి నొప్పి లేదని తేలిందని చెప్పారు. అదెలా తేలిందని ఆవిడ అడిగారు. తిండి మినహాయించాం అన్నారు.

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి, రోజూ గేటు దగ్గరికి కూరలు తెచ్చే పైడమ్మ సంగతి ఎత్తారు. మొన్న టీవీలో ఆయన మాట విని పైడమ్మ అడిగిందట: "బాబుగారు తిండి తీసేసి లెక్క సెప్తన్నారు గదమ్మా. తిండి తీసేత్తే మా ఇంట్లో లెక్కెట్టడానికి ఇంకేటుంటాది?"

"నేనేం చెప్పను? ఆయన చదువుకున్నవాళ్ళు పైడమ్మా, వాళ్ళ లెక్కలు వేరు అన్నాను. మీ వాళ్ళు ఇప్పుడు మీకు వేసిందీ అదే లెక్కన్నమాట."

పుండరీకాక్షం గారు ఇంకో ముద్ద మింగారు. మజ్జిగ కూడా చల్లగా ఉండి జివ్వుమంది.

వారం తిరిగేసరికి ఎడమ బుగ్గ బూరెలా పొంగింది. ఇప్పుడు దాచడం ఎవరి తరమూ కాదు. పైగా పార్లమెంటు వారి ముందు హాజరు కావలసిన రోజు దగ్గర పడుతోంది. సదానందం గారు పరిగెత్తుకొచ్చి, సార్, సంస్థ ఎప్పుడూ చెప్పేది ఒకటే కదా, నష్టభయాలు రెండు వైపులా సమతుల్యంగా ఉన్నాయని. మరి మీ మొహం ఆ మాటకి ఎదురు సాక్ష్యం చెబుతోంది అన్నారు. కుడి బుగ్గలో ఒక పెద్ద వక్కకాయ పెట్టుకోవాలని తీర్మానమైంది. పుండరీకాక్షం గారు ఎడమ బుగ్గలో వాపుతో, కుడి బుగ్గలో వక్కకాయతో పార్లమెంటు వారి ముందు ఒక పూటంతా కూర్చుని ముప్పై ప్రశ్నలకి జవాబులిచ్చారు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. ఎప్పటిలాగే ఉందని ఎవరూ పట్టించుకోలేదు. ఒక పత్రిక మాత్రం గవర్నరు ఒళ్ళు చేశారనీ, ఇది వృద్ధికి శుభసూచకమనీ రాసింది.

వక్కకాయ తియ్యగానే ఆయన కూర్చున్నచోటే కళ్ళు తిరిగి ఒరిగారు. ఇక ఏదో ఒకటి చెయ్యక తప్పదని సంఘం ఒప్పుకుంది. నిపుణుడి అభిప్రాయం కోసం సందు చివరి మస్తాన్ వలీ గారిని పిలిపించారు. ఆయన నెల్లూరువైపు మనిషి. ఊరందరి పళ్ళూ చూస్తూ చూస్తూ మాట కూడా పట్టుకారులా పట్టి లాగడం అలవాటైంది. నోరు తెరిపించి, లైటు వేసి, చూసి, చీము పట్టిందన్నారు. పీకెయ్యడమే. సాయంత్రం తీసుకొస్తే రాత్రికి ఇడ్లీ తినొచ్చు. నానిస్తే దవడ ఎముకకి పాకుతుంది, అప్పుడు ఇడ్లీ కాదుగదా గంజి కూడా కష్టం.

సదానందం గారు చిరునవ్వు నవ్వారు. డాక్టరు కళ్ళు అలవాటుకొద్దీ ఆ పళ్ళమీద కాసేపు నిలిచాయి.

"డాక్టరు గారూ, మీ సలహాను సంఘం స్వాగతిస్తున్నది. అయితే ఈ సంస్థ చరిత్రలో ఒక్కసారిగా పాతిక పాయింట్లకు, అంటే పావు శాతానికి, మించి దేన్నీ కదపలేదు. నూరు పాయింట్లు ఒకే సాయంత్రం తొలగిస్తే ఆ కుదుపును వ్యవస్థ తట్టుకోలేదు. కావున మొదట పావు పన్ను తొలగించి, ప్రభావాన్ని పరిశీలించి, రెండు నెలల తర్వాత మరో పావు."

డాక్టరు తన చెవులు తనే నమ్మనట్టు గవర్నరు వైపు చూశారు. గవర్నరు బల్ల వైపు చూశారు.

"పన్ను వడ్డీ కాదు సార్. పావు పీకితే మిగతా ముప్పావు ఊరుకోదు."

విశాలాక్షి గారు ఆయన్ని సముదాయించారు. మొదటి పావు తీసేటప్పుడే మిగతా ముప్పావు కూడా తీయబోతున్నామని స్పష్టంగా సూచిస్తారు. ఆ సూచన బలంగా వెళితే మిగతా ముప్పావు దానంతటదే వదులవుతుంది. చాలా దేశాల్లో ఇలాగే జరిగిందన్నారు.

"సూచన ఎవరికిస్తారమ్మా, పన్నుకా?"

"బజారుకి."

డాక్టరు పట్టుకారు సంచిలో వేసుకుని లేచారు. ఆయన చదివిన చదువులో పావు పన్ను పీకడం లేదనీ, నేర్చుకునే వయసు కూడా దాటిపోయిందనీ చెప్పి దండం పెట్టారు. పోతూ పోతూ గవర్నరు చెవి దగ్గర వంగి మెల్లగా అన్నారు: "సాయంత్రాలు ఆస్పత్రి తెరిచే ఉంటది సార్. కారూ జెండా వొద్దు. అమ్మగారితో రాండి."

తీర్మానం నాలుగు రెండు ఓట్లతో నెగ్గింది. దేశమంతా పావు పన్ను గురించి మాట్లాడుకుంది. ఏ మూల పావు ముందు తీస్తారన్న దానిమీద బజారులో పందేలు కూడా మొదలయ్యాయి.

ఆ సాయంత్రం మంగతాయారమ్మ గారు ఇక ఆగలేదు. మొగుడి తలకి మఫ్లరు చుట్టి, చెయ్యి పట్టుకుని నడిపించి, ఆటో ఎక్కించారు. సందు చివరికి ఆటో ఎందుకని ఆటోవాడు విసుక్కున్నాడు. ఎక్కించుకున్నాక అద్దంలో చూసి, పంటి నొప్పా సార్, పీకించెయ్యండి, ఆ గవర్నరులాగా నానబెట్టుకోకండి అన్నాడు. పుండరీకాక్షం గారు తల ఊపారు. ఈసారి రెండు వైపులా.

మత్తు సూది, ఒక టక్కుమనే చప్పుడు, దూది. అంతే. కుర్చీలోంచి లేచేసరికి ఆయనకి లోకంలో ఏదో పెద్ద యంత్రం ఆగిపోయినట్టు నిశ్శబ్దంగా అనిపించింది. డాక్టరు ఆ పన్నుని కాగితంలో చుట్టి చేతిలో పెట్టారు. మత్తు వదిలాక ఇంటికెళ్ళి రెండు ఇడ్లీలు తిని, పిల్లాడిలా మూడోది అడిగారు. పుండు మానగానే జంతికలు చేసిపెడతానని మంగతాయారమ్మ గారు మాటిచ్చారు. నువ్వులూ వామూ వేసి, గుల్లగా కాకుండా, ఆయనకిష్టమైనట్టు కరకరలాడేవి.

పుండరీకాక్షం గారు నియమం తప్పి ఎరగరు. మర్నాడే సంఘాన్ని పిలిచి, కాగితం విప్పి చూపించారు. సదానందం గారి మొహం నల్లబడింది. ఇది ముందస్తు సూచన లేని ఆకస్మిక చర్య అన్నారు. అయినా జరిగిపోయిన దానికి దారి చూపడంలో ఆయన్ని మించినవారు లేరు. నాలుగు పావులకీ నాలుగు తీర్మానాలు రాయించి, నాలుగూ ఒకే సాయంత్రం అమలైనట్టు సంతకాలు పెట్టించారు. బజారు కూడా ఒకరోజు గింజుకుని ఊరుకుంది. కథ ఇక్కడితో కంచికి వెళ్ళవలసింది. వెళ్ళలేదు, ఎందుకంటే నొప్పి సూచీ ఇంకా రాలేదు.

ఆ ఇద్దరు ఆఫీసర్లు రోజూ వస్తూనే ఉన్నారు. పుండరీకాక్షం గారు రోజూ సున్నా అని చెబుతూనే ఉన్నారు. వాళ్ళు రాసుకుంటూనే ఉన్నారు. మొదటిసారి తొందరలో తాత్కాలిక అంకెతో సరిపెట్టారు గానీ, రాసుకున్నది వెంటనే అసలు అంకె కాదు. దాన్ని వడపోయాలి, సరిచూడాలి, ఎండాకాలానికీ వానాకాలానికీ తగ్గట్టు సర్దుబాటు చెయ్యాలి. అన్నీ అయి బయటికొచ్చేసరికి రెండు నెలలు పడుతుంది. రెండు నెలల తర్వాత, బుగ్గ మామూలై, పుండు మాని, ఇంట్లో జంతికల గొట్టం కడిగి ఆరబెట్టిన రోజున, సూచీ వెలువడింది. మౌలిక నొప్పి: ఏడు. సహించగల హద్దు దాటింది. వాపు రోజుల నొప్పి అది. అప్పుడు తిండి మానేసినా నొప్పెట్టింది మరి.

నియమావళి స్పష్టంగా ఉంది. సూచీ హద్దు దాటితే సంఘం చర్య తీసుకుని తీరాలి. చర్య అంటే తొలగింపు. తొలగించవలసిన పన్ను ఇప్పటికే లేదు కాబట్టి, దాని పక్క పన్ను.

పుండరీకాక్షం గారు ముందు నవ్వబోయారు. ఎవరూ నవ్వకపోయేసరికి మానుకున్నారు. నాలిక దానంతటదే ఖాళీ చోటు దాటి పక్క పన్నుని తడిమింది. గట్టి పన్ను. జంతిక విరవడానికి ఆయనకి మిగిలిన మంచి పన్ను అదొక్కటే. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, గవర్నరైన ఇన్నేళ్ళలో మొదటిసారి అరమరికల్లేని ఒక వాక్యం చెప్పారు.

"నాకు నొప్పి లేదు."

గదిలో అందరూ ఇబ్బందిగా కదిలారు. విశాలాక్షి గారు గురువు మీది గౌరవంతో చాలా మెత్తగా మాట్లాడారు.

"సార్, ఒక వ్యక్తి తన అనుభవం చెప్పినంత మాత్రాన దాన్ని సాక్ష్యంగా తీసుకోలేం. ఈ మాట మీరు మాకు నేర్పిందే."

"ఆ వ్యక్తి నేనేనమ్మా. నోరు ఇదే."

"మీ సున్నాలు కూడా మా దగ్గర ఉన్నాయి సార్. వడపోతలో ఉన్నాయి. రెండు నెలల్లో వచ్చేస్తాయి. అప్పుడు అవసరమైతే చర్యను వెనక్కి తీసుకోవచ్చు."

పీకిన పన్నుని వెనక్కి ఎలా తీసుకుంటారని ఆయన అడగలేదు. అడిగితే దానికీ ఒక సంఘం వేస్తారని తెలుసు.

ఓట్లు పడ్డాయి. మూడు పీకాలని, మూడు వద్దని. వద్దన్న ముగ్గురిలోనూ నొప్పి లేదు కాబట్టి వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు. ఒక ప్రొఫెసరు ఒకటి చాలదు, రెండు పీకితే తప్ప లోకం నమ్మదన్నారు. ఇంకొకరు పైదవడ నుంచి మొదలుపెట్టాలన్నారు. మూడో ఆయనకి భోజనం వేళ దాటిపోతోంది. సరిసమానమైంది. ఇక గవర్నరు ఓటు.

పరిశోధన విభాగం అంకెకి ఎదురుగా ఓటు వేసిన గవర్నరు ఇంతవరకు లేడు. సదానందం గారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఎవరికీ వినబడనట్టు, అందరికీ వినబడేట్టు చెప్పారు.

"ఒక్క పన్ను సార్. మీరు వద్దంటే అర్థమేమిటి? మన అంకెను మీరే నమ్మడం లేదని. ఈ అంకె నమ్మనివాళ్ళు ధరల అంకె మాత్రం ఎందుకు నమ్మాలి? అదీ ఇదీ ఒకే విభాగం, ఒకే పద్ధతి. మీరు పన్ను దాచుకుంటారు, సంస్థ పరువు పోతుంది. మీ కుర్చీ కూడా."

అందులో బెదిరింపు ఎంతో, నిజం ఎంతో పుండరీకాక్షం గారు తూచి చూశారు. నిజమే ఎక్కువుంది. ఒకే విభాగం, ఒకే పద్ధతి. తన నోట్లో ఏముందో తను చెప్పినా చెల్లని లెక్క, కూరలమ్మే పైడమ్మ ఇంట్లో ఏముందో ఎలా చెప్పింది? ఇన్నేళ్ళూ తను ఆ అంకె చదివి, నీళ్ళు తాగి, లేచి వెళ్ళిపోయారు. నీళ్ళు జివ్వుమనేదాకా ఆగి చూడలేదు.

"వద్దు" అన్నారు.

గుమాస్తా కలం ఎత్తి, కారణం రాయాలి సార్ అన్నాడు. గవర్నరు ఓటుకి కారణం చెప్పడం ఆనవాయితీ. సామాన్యంగా అది నాలుగు పేజీలుంటుంది.

"నోరు నాది కాబట్టి."

సమావేశం వివరాల్లో అది ఇలా అచ్చయింది: అధ్యక్షులవారు తమ వదన కుహరంపై యాజమాన్య హక్కును ప్రస్తావించారు.

కింద విలేకరులు కాచుకుని ఉన్నారు. వెనకటి అమ్మాయే మళ్ళీ లేచి, కూరగాయల ధరల సంగతేమిటి సార్ అని అడిగింది. ఆయన ముందు కాగితం మీద తిండి మినహాయిస్తే ఎంతో రాసి ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ధరలు మండుతున్నాయనీ, నమ్మకం లేకపోతే కూరలు కొనేవాళ్ళని అడగమనీ చెప్పారు. అందరికీ తెలిసిన సంగతే అయినా, గవర్నరు చెప్పడం వల్ల అది వార్త అయింది. బజారు కుప్పకూలింది. మూడు రోజుల తర్వాత, ఏమీ మారలేదని గమనించి మళ్ళీ లేచింది. అప్పటికి అనారోగ్య కారణాల వల్ల పుండరీకాక్షం గారిని పదవి నుంచి తప్పించారు. ఆయన ఆరోగ్యం అంత బాగా ఉండి ఎన్నో ఏళ్ళయింది.

బంగళా ఖాళీ చేసి ఆ సందులోనే ఒక అద్దె ఇంట్లో దిగారు. పైడమ్మ బుట్ట అక్కడికీ వచ్చింది. మొదటిరోజే ఆయన్ని ఎగాదిగా చూసి, వంకాయలు తూస్తూ అంది: "తిండి తీసేసి లెక్క సెప్పింది తవరేనా బాబూ? మరిప్పుడు తవరు కూడా కొనుక్కుని తినాల గదా." ఆయన నేనేనమ్మా అని ఒప్పుకుని బేరం ఆడబోయారు. మంగతాయారమ్మ గారు ఊరుకోమని చెయ్యి నొక్కారు.

ఖాళీ అయిన కుర్చీ కోసం పత్రికల్లో ప్రకటన పడింది. అర్థశాస్త్రంలో డాక్టరేటు, ఇరవై ఏళ్ళ అనుభవం, మచ్చలేని ప్రవర్తన, అన్నీ మామూలే. కింద ఒక కొత్త అర్హత చేరింది. గత అనుభవాల దృష్ట్యా, వ్యవస్థకు మరోమారు కుదుపు కలుగకుండా, అభ్యర్థికి సొంత పళ్ళు ఉండరాదు. కట్టుడు పళ్ళవారికే అవకాశం.

గడువు ముగిసే ముందురోజు సాయంత్రం పుండరీకాక్షం గారు పళ్ళు శుభ్రం చేయించుకుందామని మస్తాన్ వలీ గారి ఆస్పత్రికి నడిచి వెళ్ళారు. లోపల ఎవరో పెద్దమనిషి ఉన్నారని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. తెర సగం తీసే ఉంది. కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని ఉన్నది సదానందం గారు. ఎప్పుడూ చూసే ముప్పై రెండు ముత్యాలు లైటు కింద ఇంకా మెరుస్తున్నాయి. చేతిలో మడిచిన పత్రిక ఉంది.

మస్తాన్ వలీ గారు పట్టుకారు తుడుచుకుంటూ, ఇంత చక్కటి పళ్ళు తన సర్వీసులో చూడలేదని, మరొక్కసారి ఆలోచించుకోమని చెప్పి చూశారు. ఆయన వినేలా లేరు. సరే అని నిట్టూర్చి అడిగారు.

"ఎట్లా కానీమంటారు సార్? మీ పద్ధతి ప్రకారం పన్నుకి పావు చొప్పునా?"

సదానందం గారు ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు.

"పావేమిటయ్యా? రేపటితో గడువు. అన్నీ ఒక్కసారే లాగెయ్."

డాక్టరు సూది తీసుకున్నారు. బయట బెంచీ మీద, తెరకి ఇవతల, పుండరీకాక్షం గారు జేబులోంచి పొట్లం విప్పారు. లోపలున్నవాళ్ళిద్దరికీ జంతిక విరిగిన చప్పుడు వినబడింది.